గొడుగబ్బాయి వస్తాడన్నావు

ఏప్రిల్ 6, ఆదివారం

బుడ్డమ్మా,

సింధు వచ్చింది. నీ హాస్టల్ సింధు. క్యాంపస్ దగ్గర బస్సెక్కి మన సెంటర్లో దిగి ఎండలో నడిచి వచ్చింది. ఆసుపత్రికి తెచ్చినట్టే సంచీలో బత్తాయిలు తెచ్చింది. ఎవరి చేతికి ఇవ్వాలో తెలియక గడపలో నిలబడిపోయింది పాపం.

నీ ఫోన్ తీసి దానికిచ్చాను. "గ్రేసు నాకు కొరియా సీరియల్ చెబుతుండేది. పదకొండు భాగాలయ్యాయి. మిగతాది నీతో చూడమంది" అన్నాను. అది నిన్ను గ్రేస్ అంటుంది కదా, దాని ముందు నేనూ అలాగే అన్నాను. నోటికి కొత్తగా ఉంది.

"కింద ఇంగ్లీషులో వస్తుంది కదా ఆంటీ. మీకెలా అర్థమయ్యేది?"

"అది చదివి తెలుగులో చెప్పేది."

"మరి సౌండు?"

"వార్డులో సౌండు పెట్టకూడదు. అన్ని గొంతులూ అదే పెట్టేది."

పన్నెండో భాగం పెట్టింది. సౌండుతో పెట్టింది. సీరియల్లో గొడుగబ్బాయి మాట్లాడాడు. ఎంత లావు గొంతో! నాకు నచ్చలేదు. మన గొడుగబ్బాయి గొంతు అది కాదు. తీసెయ్యమ్మా అన్నాను. సౌండు తీసేసింది. తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం చదివినట్టు చెబుతుంది. నీలాగా గొంతులు మార్చదు. స్కూటరబ్బాయికి ముక్కుతో మాట్లాడదు.

అయినా విన్నాను. వినకపోతే నీకేం చెప్పను?

ఏప్రిల్ 9

పనికి వెళ్ళాను. ఇన్నాళ్ళకి.

పరదేశి మేస్త్రి కబురు పెట్టాడు, కాయ దిగుతోంది, మనుషులు చాలట్లేదని. ఈ ఏడు కాపు పల్చన. మంచుకి పూత మాడిపోయింది. నువ్వు ఆసుపత్రిలో ఉండగానే పోయింది పూత. తోటవైపు ఎవరు చూశారు? అయినా బంగినపల్లి కాయ షెడ్డులోకి ట్రేలకొద్దీ వచ్చి పడుతూనే ఉంది. మచ్చకాయ ఒక పక్కకి, పిందె కాయ ఒక పక్కకి. మంచికాయ ముచ్చిక కిందికి పెట్టి సొన కారనివ్వాలి. చేతులకి పని గుర్తుంది. చేతులు ఏమీ మర్చిపోవు.

షెడ్డులో ఎవరూ నా మొహం చూడట్లేదు. పలకరిస్తే ఏడుస్తానని భయం. చివరికి బసవమ్మే అంది.

"ఏమే రాణీ, ఇందాకట్నుంచీ నీలో నువ్వే నవ్వుకుంటన్నావు. ఏంటి సంగతి?"

నవ్వుతున్నానని నాకు తెలియదు. గొడుగబ్బాయి గురించి ఆలోచిస్తున్నాను. దాచడం దేనికని చెప్పేశాను.

సోరా అని ఒక పిల్ల. ఆ పిల్లకి ఇద్దరు అబ్బాయిలు. ఒకడు నెమ్మదస్తుడు, మందుల షాపులో పని, ఎప్పుడూ చేతిలో నీలం గొడుగు. ఇంకొకడు స్కూటరు మీద పార్సిళ్ళు వేసేవాడు, ఒకటే వాగుడు. ప్రతి భాగం మొదట్లోనూ రాబోయే రోజులు చూపిస్తారు. సోరాకి అప్పటికి పెళ్ళయి వయసు మీద పడి ఉంటుంది. ఇంట్లో మొగుడు ఉంటాడు, మొహం మాత్రం చూపించరు. వీపు చూపిస్తారు. చెయ్యి చూపిస్తారు. చిలగడదుంప తొక్క తీసి ఆ పిల్ల ప్లేటులో వేస్తాడు, ఎడం చేత్తో. గుమ్మం పక్కన నీలం గొడుగు ఆనించి ఉంటుంది. గొడుగబ్బాయిది ఎడమచేతి వాటం. ఇంక వేరే చెప్పాలా?

"స్కూటరోడే" అంది బసవమ్మ.

"ఎట్టా అక్కా? ఎడం చెయ్యి కనపడతంటే!" రాజ్యలక్ష్మి నా వైపు.

"మా ఆయనదీ ఎడంచెయ్యే. అయితే కొరియాలో కాపరం పెట్టాడంటావా?"

షెడ్డంతా నవ్వారు. పరదేశి గట్టిగా అరిచాడు. "కాయలు చూడండమ్మా తల్లీ, మొగుళ్ళని తర్వాత చూద్దురుగాని!"

నేనూ నవ్వాను బుడ్డీ. నవ్వి వెంటనే మూతి తుడుచుకున్నాను. సొన అంటింది. పెదవి మండుతోంది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

గుడికి వెళ్ళలేదు. పిల్లలు మట్టలు పట్టుకుని పాడుతూ మన వీధిలోంచే వెళ్ళారు. తలుపు వేసుకున్నాను.

సింధుకి పరీక్షలట. రాలేదు.

ఏప్రిల్ 15

మీ నాన్నది అదే మాట. ఆటో తుడుస్తాడు, గుడ్డ పిండుతాడు, "మందు పట్టుకుంటోందన్నారుగా" అంటాడు. నాతో అనడు, గోడతో అంటాడు.

ఏప్రిల్ 17

ఉండబట్టలేక నేనే పదమూడో భాగం పెట్టుకున్నాను. ఫోన్‌లో ఏది నొక్కాలో నువ్వు చూపించావుగా. కింద అక్షరాలు వస్తున్నాయి, పోతున్నాయి. నాకేం తెలుస్తుంది? మొహాలు చూస్తూ కూర్చున్నాను.

గొడుగబ్బాయి రైలు స్టేషన్లో నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు. ఎందుకు ఏడుస్తున్నాడో నీ గొంతు పెట్టి చెప్పి చూశాను. "సోరా, నేను ఊరికే వెళ్తున్నా, ఊరికే అలా వెళ్ళి వస్తా" అన్నాను. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చుని. సరిగ్గా రాలేదు. నువ్వు అతని మాటల మధ్యలో ఆగేదానివి చూడు, ఆయాసం వచ్చి. నేను అది అతని పద్ధతి అనుకునేదాన్ని. ఆగి ఆగి మాట్లాడే అబ్బాయి అనుకున్నాను. మర్యాదస్తుడు అనుకున్నాను.

ఏప్రిల్ 20

ఈస్టరు. సింధు వచ్చింది. పదమూడు మళ్ళీ మొదటినుంచి చూశాం. పద్నాలుగు సగం. స్కూటరబ్బాయికి యాక్సిడెంట్ అయ్యింది. కుడి చేతికి కట్టు. పోనీలే, చావలేదుగా.

గొడుగబ్బాయి వేరే ఊరు వెళ్ళిపోయాడు. వస్తాడు. వస్తాడని నువ్వు చెప్పావు. నీ వేళ్ళు నల్లబడిన రోజుల్లో, మంచినీళ్ళు కూడా వద్దన్న రోజుల్లో, ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పావు. "గొడుగబ్బాయేనమ్మా. చూస్తూ ఉండు, వస్తాడు." నువ్వన్నవి ఏవీ జరగలేదు. బాగుపడి ఇంటికొస్తానన్నావు, జరగలేదు. ఇదొక్కటన్నా జరగాలి. వాళ్ళని నేను వేరే ఏమీ అడగను, ఆ కొరియా వాళ్ళని.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఈరోజు ఒక పిచ్చిపని చేశాను. నీతో తప్ప ఎవరితో చెప్పను.

స్త్రీల కూడిక మనింటి పక్కనే పెట్టారు. పాస్టరమ్మగారు, అదే సుసన్నమ్మగారు, స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. తప్పించుకోలేకపోయాను. పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు అల్లుడి ఉద్యోగం అన్నారు. నా వంతు వచ్చింది. అందరూ తలలు వంచుకున్నారు. నీ గురించి చెబుతానని వాళ్ళు అనుకుంటున్నారు. నీ గురించి ఏం అడగాలి? అడగాల్సినవన్నీ అడిగేశాను కదా. ఉపవాసాలుండి అడిగాను. ఇంక ఏముంది అడగడానికి?

"మా గ్రేసు ఎరిగిన అబ్బాయి ఒకడున్నాడండీ. ఒక పిల్ల మీద మనసు పెట్టుకున్నాడు. ఎక్కడికో వెళ్ళిపోయాడు. వాడు తిరిగొచ్చి ఆ పిల్లతో పెళ్ళి కుదరాలి" అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

"పేరేంటమ్మా?" అన్నారు అమ్మగారు.

చచ్చాననుకున్నాను. "సామ్యేలండి" అన్నాను.

బుడ్డమ్మా, అందరూ మోకాళ్ళ మీద పడ్డారు. ప్రభువా, నీ బిడ్డ సామ్యేలును జ్ఞాపకం చేసుకో అని సుసన్నమ్మగారు కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేశారు. సామ్యేలు ప్రయాణాల్లో తోడుగా ఉండమన్నారు. సామ్యేలు త్రాగుడు జోలికి పోకుండా కాపాడమన్నారు. నేను ఆమేన్ అన్నాను. పెద్దగా అన్నాను. నువ్వు పోయాక ఆమేన్ అనడం అదే మొదలు.

మే 2

సింధు రాలేదు. ఊరు వెళ్ళిందట.

షెడ్డులో బసవమ్మ రోజూ ఒకటే పోరు. "ఏమైందే మన స్కూటరోడు? చెయ్యి అతుక్కుందా?" రాజ్యలక్ష్మి ఊరుకోదు. "వాడి చెయ్యి అతుక్కుంటే నీకేంటి, అతుక్కోకపోతే నీకేంటి? మాది గొడుగు పార్టీ." మధ్యాహ్నం అన్నాలప్పుడు ఇద్దరూ రెండు వరసలుగా కూర్చున్నారు. పరదేశి కూడా అడిగాడు, ఎవరూ వినకుండా. "ఏవమ్మా, ఆ గొడుగు కుర్రాడు వచ్చాడా లేదా?"

వాళ్ళందరికీ నేనే చెప్పాలి. నాకు ఎవరు చెబుతారు?

మే 11

సింధు వచ్చింది. పద్నాలుగు అయిపోయింది, పదిహేను చూశాం. పదిహేనులో గొడుగబ్బాయి అసలు లేడు. ఒక్కసారి కూడా లేడు. సింధుని మూడుసార్లు అడిగాను, ఏదైనా వదిలేశావా అని.

"లేదు ఆంటీ. ఇంతే."

మంచిదే. చివర్లో రావడానికి దాచి ఉంచారు.

మే 18, ఆదివారం

అయిపోయింది.

స్కూటరబ్బాయి.

మొగుడు మొహం తిప్పాడు, స్కూటరబ్బాయి. జుట్టు నెరిసింది, అదే వెకిలి నవ్వు. కుడి చెయ్యి ఆ యాక్సిడెంటులో సరిగ్గా అతకలేదట, అందుకని ఎడం చేత్తో చేస్తున్నాడట. గొడుగబ్బాయి ఒకచోట రైలు స్టేషన్లో జనంలో కనపడ్డాడు. సోరా చూడలేదు. పక్కనుంచే వెళ్ళిపోయింది. వాడు పిలవలేదు. అంతే. పేర్లు పడ్డాయి.

నేను సింధు మీద అరిచాను. "ఇంకో భాగం ఉంది, చూడు" అన్నాను. చూసింది. లేదు. "మరి గొడుగు? గుమ్మంలో ఆ గొడుగు ఎందుకు పెట్టారు?" అన్నాను. దానికేం తెలుసు? బిక్కమొహం వేసింది.

తర్వాత ఫోన్‌లో ఏవో చూపించింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఈ సీరియల్ రాసిన ఆవిడని తిడుతున్నారట. చదివి చెప్పింది. ఒకావిడ, మమ్మల్ని పదహారు వారాలు మోసం చేశావు అని రాసిందట. ఒకబ్బాయి, నేను అన్నం మానేశాను అన్నాడట. ఎన్ని వందలమందో, అందరికీ గొడుగబ్బాయే కావాలి. అందరూ అవే ఆనవాళ్ళు చూశారు, నాలాగే. ఎడం చెయ్యి, గొడుగు, చిలగడదుంప.

కాసేపు బాగుంది, అంతమంది ఉన్నారంటే. తర్వాత బాగాలేదు. వాళ్ళకి రేపు ఇంకో సీరియల్ వస్తుంది.

నీకు ఏమని చెప్పను బుడ్డమ్మా?

మే 19

షెడ్డులో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. రాజ్యలక్ష్మికి ఎంత కోపమొచ్చిందంటే చేతిలో కాయ విసిరికొట్టింది, పరదేశి చూస్తున్నాడని కూడా లేదు.

"ఆ గొడుగు గుమ్మంలో ఎందుకు పెట్టాలంట? ఆ ఎడం చెయ్యి మనకెందుకు చూపించాలంట? మనల్ని ఎర్రిమొహాల్ని చెయ్యడానికి కాకపోతే! దాని చేతులు పడిపోను, ఎవత్తి రాసిందో!"

బసవమ్మ గెలిచింది కదా, ఎగిరి గంతేస్తుందనుకున్నాం. కాయలు ఏరుకుంది. ట్రే నిండాక అంది. "నా నోరు మంచిది కాదే రాణీ. ఊరికే నిన్ను ఏడిపించడానికి అన్నాను స్కూటరోడని. నీ కూతురు చెప్పిందే జరిగుంటే బాగుండేది."

దారిలో సుసన్నమ్మగారు ఎదురయ్యారు. "సామ్యేలు సంగతేమైందమ్మా? రోజూ జ్ఞాపకం చేసుకుంటున్నాను."

"కుదర్లేదండి. ఆ పిల్లకి వేరేవాళ్ళతో అయిపోయింది."

ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టారు. "దేవుడు అతనికి ఇంకెవరినో ఉంచాడమ్మా" అన్నారు. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. ఎవరి కోసం ఏడుస్తున్నానని అనుకున్నారో.

మే 25, ఆదివారం

సింధు వచ్చింది, సీరియల్ లేకపోయినా. నేను చూపించమన్నాను, వంతెన.

ఎనిమిదో భాగం. వానలో వంతెన మీద గొడుగబ్బాయి సోరాకి గొడుగు ఇచ్చే చోటు. రాసినావిడ తప్పు చేసింది, ఆవిడ మాట ఆవిడే మర్చిపోయింది అని నిరూపించాలని. "వాడు మాటిచ్చాడు సింధూ. 'ఇది నీ దగ్గర ఉంచు, తీసుకోవడానికి నేనే వస్తా' అన్నాడు. మాటిచ్చినవాడు రాకుండా ఎలా ఉంటాడు?"

"అలా అనలేదేమో ఆంటీ."

"నాకు తెలియదా? ఆ మాట గ్రేసు చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానో!"

పెట్టింది. వాన. వంతెన. గొడుగు. వాడి నోరు కదిలింది. సింధు కింద అక్షరాలు చూసింది. ఆపింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది.

"చెప్పమ్మా."

"'ఇది నువ్వే ఉంచుకో. నాకింక అక్కర్లేదు. నా కోసం ఎదురుచూడకు.'"

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి కూడా అదే.

ముందు భాగాలు తీయమన్నాను. వాడు ఆసుపత్రి మెట్ల దగ్గర అన్నవి చూశాం. మందుల షాపులో అన్నవి చూశాం. ఎక్కడా నువ్వు చెప్పింది లేదు. నువ్వు చెప్పిన గొడుగబ్బాయి లేడు. వాడు మొదటినుంచీ వెళ్ళిపోతానంటూనే ఉన్నాడు. "నాకు ఒంట్లో బాగుండట్లేదు, నన్ను నమ్ముకోకు" అంటూనే ఉన్నాడు. స్కూటరబ్బాయి ఎంత మంచి మాటలన్నాడో తెలుసా? వాటన్నిటినీ నువ్వు ముక్కుతో వెకిలిగా చెప్పావు.

"సింధూ, గ్రేసుకి ఇంగ్లీషు సరిగ్గా రాదా?" అన్నాను.

అది తల దించుకుంది. "క్లాసులో దానికే ఫస్టు ఆంటీ."

"మరి చివర ఏమవుతుందో తెలియక..."

"తెలుసు. మేం హాస్టల్లో ముందే చూసేశాం. సెకండియర్లో. ఇద్దరం ఏడ్చాం."

మే 26

పనికి వెళ్ళలేదు.

మే 28

మర్చిపోయి ఉంటావు. జ్వరంలో మనిషికి ఏం గుర్తుంటుంది? ఎప్పుడో చూసింది, అక్షరాలు కూడా చిన్నవి. కళ్ళు లాగుతున్నాయి అనేదానివిగా. అంతే అయ్యుంటుంది.

మే 30

మర్చిపోలేదు. ఎనిమిదో భాగం చెప్పిన రోజు నీకు జ్వరం లేదు. ఇడ్లీ తిన్నావు.

జూన్ 1, ఆదివారం

సింధుని బస్సు దగ్గరే పట్టుకున్నాను. ఇంటిదాకా రానిస్తే అడగలేనని.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు అన్నాను. ఆసుపత్రిలో పొద్దున్నే పెద్ద డాక్టరు వచ్చేవాడు. తెలుగాయన కాదు. చుట్టూ చిన్న డాక్టర్లు. నీ మంచం దగ్గర నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళు. నాకు మాటలు తెలియవు, ఆయన మొహం చూసేదాన్ని. నవ్వితే మంచిది. నుదురు ముడేస్తే చెడ్డది. వాళ్ళు వెళ్ళగానే నిన్ను అడిగేదాన్ని, ఏమన్నారే అని. నువ్వు చెప్పేదానివి. రోజూ విని విని ఆ ఇంగ్లీషు ముక్క ఒకటి నా చెవిలో ఉండిపోయింది. నాట్ రెస్పాండింగ్. అలాగే అన్నాను సింధుతో.

"దానికి అర్థం 'మందు మెల్లగా పట్టుకుంటోంది' అనేనా?"

బస్సు స్టాపులో జనం ఉన్నారు. సింధు నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ..."

"చెప్పు."

"పనిచేయట్లేదని ఆంటీ. మందు పనిచేయట్లేదని."

తర్వాత తనే చెప్పింది, ఏడుస్తూ. పండక్కి ముందే డాక్టర్లు నీకు అన్నీ చెప్పారట. అమ్మానాన్నలకి నేనే చెబుతాను, నాకు వదిలేయండి అని నువ్వే బతిమాలావట. చెబుతుందిలే అని వాళ్ళు అనుకున్నారట. నన్ను చూసినప్పుడల్లా వార్డులో నర్సమ్మ "మీ అమ్మాయి చెప్పిందిగా అమ్మా" అనేది. చెప్పిందండి అనేదాన్ని నేను. నవ్వుతూ అనేదాన్ని.

సింధుకి తెలుసు. దాని చేత ఒట్టు వేయించుకున్నావట.

జూన్ 2

నీతో మాట్లాడను.

జూన్ 5

వాన పడింది. తోటలో మిగిలిన కాయ రాలిపోయింది. పరదేశి పని ఆపేశాడు.

జూన్ 7

తెలిసుంటే ఏం చేసేదాన్ని? అదే ఆలోచిస్తున్నాను. నిన్ను ఇంకో ఆసుపత్రికి తిప్పేదాన్నా? ఎక్కడికి? ఇంటికి తెచ్చుకునేదాన్నా? పక్కన పడుకునేదాన్ని, అంతేగా. పడుకున్నానుగా.

కానీ తెలిసుంటే ఆ సీరియల్ చూసేదాన్ని కాదు. నీ మొహం చూసేదాన్ని. నువ్వు మాట్లాడుతుంటే నేను ఫోన్ చూశాను బుడ్డీ. ఆ గొడుగబ్బాయి మొహం చూశాను. నీ పెదవులు ఎలా కదిలేవో నాకు గుర్తు రావట్లేదు.

మిగతాది సింధుతో చూడమన్నావు. సింధు ఉన్నది ఉన్నట్టు చదువుతుందని నీకు తెలుసు కదా. తెలిసే అప్పజెప్పావా? నువ్వు చెప్పలేని మాట దాని చేత చెప్పించావా? లేకపోతే ఏమీ ఆలోచించకుండా, అలిసిపోయి, ఊరికే అన్నావా? ఎవరిని అడగను? ఎన్ని గుర్తులు వెతికినా నాకు రెండు రకాలుగానూ కనపడుతున్నాయి. గుర్తులంటే నాకు విసుగొచ్చింది.

జూన్ 14

మీ నాన్న ఈరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను బజారు నుంచి ఇంటికి రాగానే చూశాను. ఎక్కడికయ్యా అన్నాను.

"బెజవాడ. ఆ డాక్టర్ని అడిగొస్తా."

"ఏం అడుగుతావు?"

"మందు పట్టుకుంటోందన్నారుగా. రోజూ అదే చెప్పారుగా పిల్ల చేత. మరి ఒక్కరోజులో ఎట్టా పోయింది? ఏదో తేడా జరిగింది. నాకు చెప్పాలి. సింధుని తీసుకెళ్తా, అది ఇంగ్లీషులో అడుగుద్ది. దారిలో జంక్షన్ దగ్గర కలవమని దానికి ఫోన్ చేస్తా."

ఆటో తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంత చిక్కిపోయాడో ఆ చొక్కాలో తెలిసింది. నాలుగు నెలలుగా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాడు. ఎవరో తప్పు చేశారు, వాళ్ళని పట్టుకుంటే సరి అని. వెళితే వాళ్ళు చెప్పేస్తారు. మీ అమ్మాయికి ముందే తెలుసు, మీకు చెప్పిందిగా అంటారు. నువ్వు మీ నాన్నతో కూడా రోజూ అబద్ధం ఆడావని ఆయనకి అక్కడ, ఆ వరండాలో, పరాయివాళ్ళ ముందు తెలుస్తుంది.

నాకు చెప్పాలనే ఉంది. ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను. నోరు తెరిచాను.

"నేను అడిగాను" అన్నాను.

"ఎవర్ని?"

"డాక్టర్నే. సింధు ఫోన్ చేసి మాట్లాడింది, నేను పక్కనే ఉన్నా. మందు పనిచేసిందంట. ఎవరి తప్పూ లేదంట. గుండె బలహీనపడి నిద్రలోనే ఆగిపోయిందంట. నొప్పి తెలియదంట దానికి."

"నొప్పి తెలియదన్నారా?"

"అన్నారు."

"ఇంగ్లీషులో అన్నారా?"

"ఇంగ్లీషులోనే. సింధు తెలుగులో చెప్పింది."

ఆయన తాళం గూట్లో పెట్టాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వు పోయిన రోజు కూడా ఏడవలేదు మీ నాన్న. నేను పక్కన కూర్చుని వీపు రాశాను. ఏడుస్తూనే అడిగాడు. "నాతో అనలేదేంటే, ఇన్నాళ్ళూ?"

"నువ్వు అడగలేదుగా" అన్నాను.

రెండో అబద్ధం మొదటిదాని కన్నా తేలిగ్గా వచ్చింది. మూడోది ఇంకా తేలిగ్గా వస్తుంది కాబోలు. నువ్వు అలాగే మొదలుపెట్టావా బుడ్డమ్మా? మొదట ఒక్క మాట మార్చి, నా మొహం వెలగడం చూసి, ఇంక ఆపలేకపోయావా?

జూన్ 15, ఆదివారం

సింధు వచ్చింది. మీ నాన్న అడిగితే ఏం చెప్పాలో బయటే చెప్పాను. అది నన్ను అలా చూస్తూ నిలబడింది. సరే ఆంటీ అంది. చిన్నపిల్ల, ఇద్దరి ఒట్టూ దాని నెత్తినే పడింది.

మీ నాన్న లోపల్నుంచి కేకేశాడు. "అమ్మాయికి అన్నం పెట్టు, నాకూ పెట్టు." ఆయన తనంతట తాను అన్నం అడగడం ఇన్నాళ్ళకి ఇదే. పప్పూ వంకాయా వండాను. ఇద్దరూ తింటుంటే చూస్తూ కూర్చున్నాను.

నేను చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు. కోపం కూడా పోలేదు నీ మీద. పోతుందని చెప్పను, నీకు అబద్ధం చెప్పను.

చివర్లో నీకు ఏదీ సయించేది కాదు. నోరంతా చేదనేదానివి. ఇప్పుడు ఆ చేదు పోయి ఉంటుంది. నువ్వున్న చోట ఏం వండుతారో, ఎవరు వడ్డిస్తారో. ఎవరు పెట్టినా వద్దనకు తల్లీ. కడుపునిండా తిను.